నాన్న లివర్ ఆపరేషన్‌లో "గ్రీన్ లైట్ కెమెరా" వాడతామంటున్నారు – ఎవరికైనా తెలుసా?

శ్రావణి_గుణదల
సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు.

మా నాన్నగారికి 64. ఏడాదిన్నర క్రితం పెద్దపేగు కాన్సర్‌కి ఆపరేషన్ అయింది, తర్వాత కీమో కూడా అయింది. మొన్న చెకప్ స్కానింగ్‌లో లివర్‌లో రెండు మచ్చలు కనపడ్డాయి. ఎమ్మారై తీసి, పేగు నుంచి లివర్‌కి పాకినవే అని తేల్చారు. రెండే కాబట్టి తీసేయొచ్చు, పొట్ట పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల్లోంచే తీస్తాం అన్నారు విజయవాడలో డాక్టరుగారు. అంతవరకూ అర్థమైంది.

ఆ తర్వాత, "ముందురోజు ఒక ఆకుపచ్చ ఇంజెక్షన్ ఇస్తాం, ఆపరేషన్లో స్పెషల్ లైటు వేస్తే గడ్డలు మెరుస్తాయి" అన్నారు. ఎస్టిమేటు కాగితంలో "ఐసీజీ ఇమేజింగ్" అని విడిగా ఒక లైను వేశారు. అమ్మేమో "మెరవడమేంటే, మిణుగురు పురుగులా?" అంటోంది. తమ్ముడేమో ఇదంతా బిల్లు పెంచే ఎత్తు అంటున్నాడు. నాన్న మాత్రం ఏమీ అనట్లేదు, ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

అసలు ఇది నిజంగా ఉందా? ఉంటే అవసరమా? ఇంకొకటి, నాన్నకి రొయ్యలు పడవు, ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. ఆ ఇంజెక్షన్లో అయోడిన్ ఉంటుందని ఎక్కడో చదివాను. అదొక భయం.


పల్నాడు_పిల్లోడు
సోమవారం, రాత్రి 11:05

అక్కా, మీ తమ్ముడు చెప్పిందే కరెక్టు. మా బాబాయ్‌కి పోయినేడు గుంటూర్లో గాల్‌బ్లాడర్ తీశారు. రాళ్లు, అంతే. ఆ బిల్లులో కూడా ఇదే ఐసీజీ ఉంది. రాళ్లకి లైటెందుకండీ? రాళ్లు కూడా మెరుస్తాయంటనా? అడిగితే "సేఫ్టీకి" అన్నారు. సేఫ్టీ అనేది ఇప్పుడు ప్రతి బిల్లులో ఉండే మాటే కదా.


ఓటీ_లైటు
సోమవారం, రాత్రి 11:48

పల్నాడు తమ్ముడూ, కొంచెం ఆగు. నేను సూర్యారావుపేటలో థియేటర్ టెక్నీషియన్‌ని, 14 ఏళ్లుగా కెమెరా పట్టుకున్న చెయ్యి ఇది. డాక్టర్ని కాను, చూసింది చెప్తా.

మీ బాబాయ్ కేసులో వాడింది గడ్డ కోసం కాదు, రాయి కోసమూ కాదు. ఐసీజీ అంటే ఇండోసయనిన్ గ్రీన్ అనే ఈ రంగుమందు రక్తంలోంచి లివర్‌లోకి పోయి, అక్కణ్ణించి పసరుతో (పైత్యరసంతో) కలిసి బయటికొస్తుంది. అంటే కాసేపటికి పసరు గొట్టాలు మెరుస్తాయి. గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు సర్జన్లకి ఉండే పెద్ద భయం ఏంటంటే, చిన్న గొట్టం అనుకుని అసలు పెద్ద గొట్టాన్ని కత్తిరించడం. వాపు ఎక్కువున్న కేసుల్లో అంతా అతుక్కుపోయి ముద్దలా ఉంటుంది, ఏది ఏదో తెలీదు. లైటు మార్చగానే గొట్టం దారి కనపడుతుంది. ఆ కేసులో అవసరమైందా లేదా అనేది నేను చెప్పలేను. కానీ ఊరికే అయితే కాదు.

శ్రావణి అక్కా, మందు 25 మిల్లీగ్రాముల సీసాలో పొడిగా వస్తుంది. ముదురు ఆకుపచ్చ. స్టెరైల్ వాటర్‌తో కలుపుతాం. నరానికి ఇచ్చాక రక్తంలో సగం అవడానికి మూడు నాలుగు నిమిషాలే పడుతుంది, మిగతా పనంతా లివర్‌దే. మానిటర్ మీద ఆక్సిజన్ అంకె కాసేపు పడిపోయినట్టు చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. మత్తు డాక్టరుగారు నవ్వి, "ఒంట్లో ఆక్సిజన్ తగ్గలేదయ్యా, రంగు చూసి మెషిన్ పొరబడింది" అన్నారు. ఒక నిమిషంలో మళ్లీ మామూలు అయింది.

లైటు మార్చడానికి కెమెరా తల మీద బటన్ ఉంటుంది. థియేటర్ పెద్ద లైట్లు తగ్గించేస్తాం. తెర మీద ఒక్కసారిగా అంతా మారిపోతుంది. 14 ఏళ్ల తర్వాత కూడా నాకు ఆ క్షణం బాగుంటుంది, చెప్పుకోవడానికి మొహమాటం లేదు.


రిటైర్డ్_ఫిజిక్స్
మంగళవారం, ఉదయం 6:15

బ్రాడీపేట నుంచి. నలభై ఏళ్లు ఇంటర్, డిగ్రీ పిల్లలకి కాంతి పాఠం చెప్పాను కాబట్టి ఈ చర్చలో నాకూ చోటుంది.

మెరవడం అనే మాటతోనే చాలామంది తప్పుదారి పడతారు. మీ నాన్నగారి లివర్ నిజంగా ఆకుపచ్చగా వెలగదమ్మా. మన కంటికి సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే కాంతి కనపడుతుంది. ఈ రంగుమందు సుమారు 800 దగ్గర కాంతిని పీల్చుకుని 830 దగ్గర తిరిగి వదులుతుంది. రెండూ కంటికి కనపడనివే, పరారుణం అంటారు. కెమెరా ఒక ఫిల్టర్ పెట్టి, తాను వేసిన కాంతిని ఆపేసి, మందు వదిలిన కాంతినే పట్టుకుంటుంది. ఆ చోటును కంప్యూటరు ఆకుపచ్చ పూసి తెర మీద చూపిస్తుంది. అంటే ఆ ఆకుపచ్చ ఎవరో ఇంజనీరు ఎంచుకున్న రంగు. నీలం ఎంచుకుంటే నీలంగానే కనపడేది.

ఇంట్లోనే చూడొచ్చు. టీవీ రిమోట్ బల్బుని సెల్‌ఫోన్ ముందు కెమెరాకి చూపించి బటన్ నొక్కండి. కంటికేమీ కనపడదు, ఫోను తెర మీద మాత్రం ఊదారంగు చుక్క వెలుగుతుంది. వెనక కెమెరాలో కొన్ని ఫోన్లకి కనపడదు, ఫిల్టర్ గట్టిగా ఉంటుంది.

అసలీ పరారుణమే ఎందుకు అంటే, చీకట్లో టార్చి మీద అరచెయ్యి మూసి చూడండి. వేళ్ల మధ్య ఎర్రగా వస్తుంది, నీలం రాదు. రక్తంలోని హిమోగ్లోబిన్ నీలాన్ని, పచ్చని మింగేస్తుంది. ఇంకా పై తరంగాలకి పోతే నీళ్లు మింగుతాయి. ఈ రెండిటికీ మధ్య, 700 నుంచి 900 దాకా ఒక సందు ఉంది. ఆ సందులోంచి కాంతి కొన్ని మిల్లీమీటర్లు లోపలికి పోయి తిరిగి రాగలదు. ఈ మందు సరిగ్గా ఆ సందులో పనిచేస్తుంది.

దీన్ని పుట్టించింది మందుల కంపెనీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కోడాక్ ఫొటో ప్రయోగశాలల్లో పుట్టింది. 1959లో అమెరికాలో మనుషులకి వాడటానికి అనుమతి వచ్చింది. అంటే నాకు పలక కొనకముందే ఇది ఆస్పత్రుల్లో ఉంది. కొత్త మందేమో అన్న భయం వదిలెయ్యండి. కొత్తది కెమెరా.


శ్రావణి_గుణదల
మంగళవారం, ఉదయం 7:30

మాస్టారూ, రిమోట్‌తో చూశాం. అమ్మ నాలుగుసార్లు నొక్కించుకుని చూసింది. చాలా థాంక్సండీ.

కానీ ఓటీ_లైటు గారు చెప్పినదాని ప్రకారం మందు లివర్‌లోకి పోతుంది కదా. అప్పుడు లివర్ అంతా మెరవాలి, గడ్డ విడిగా ఎలా తెలుస్తుంది?


కత్తెర_పీజీ
మంగళవారం, మధ్యాహ్నం 2:20

ఇది అసలు ప్రశ్న. గుంటూర్లో సర్జరీ పీజీ చేస్తున్నాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే క్షమించాలి.

మీరన్నది నిజమే. ఆపరేషన్ బల్ల మీద ఇస్తే కాసేపటికి లివర్ అంతా మెరుస్తుంది. ఊరంతా దీపాలు పెడితే పెళ్లి ఏ ఇంట్లోనో ఎలా తెలుస్తుంది? అందుకే ముందే ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్న లివర్ ఆ మందును పసరులో కలిపి పేగులోకి వదిలేసుకుంటుంది. ఒకరోజు గడిచేసరికి లివర్ చాలావరకు చీకటిగా అవుతుంది. వదల్లేకపోయిన చోట మాత్రమే వెలుగు మిగులుతుంది.

ఆ వదల్లేని చోట్లు రెండు రకాలు. లివర్‌లోనే పుట్టిన కాన్సర్ అయితే, అందులో కొన్నిటికి ఇంకా లివర్ కణం లక్షణాలు ఉంటాయి. మందును లోపలికి తీసుకుంటాయి కానీ బయటికి పంపే దారి పాడైపోయి ఉంటుంది, కాబట్టి గడ్డ మొత్తం వెలుగుతుంది. మీ నాన్నగారిది అది కాదు. పేగు నుంచి వచ్చిన గడ్డలో లివర్ కణాలే ఉండవు, మందు అందులోకి పోదు. కానీ గడ్డ పెరుగుతూ చుట్టుపక్కల లివర్‌ని నొక్కుతుంది. అక్కడి పసరు కదలదు. మన బెజవాడ కాలవల్లో గుర్రపుడెక్క పేరుకుంటే దాని పైన నీళ్లు నిలిచిపోయినట్టు. రైవస్ కాలవ పక్కన నడిచినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అలా నిలిచిన పసరులో మందు మిగిలి, గడ్డ చుట్టూ ఉంగరంలా వెలుగుతుంది. మధ్యలో చీకటి, అంచున వెలుగు. 2009లో జపాన్ సర్జన్లు దీన్ని ప్రచురించారు. ఆ రోగులకి మందు ఇచ్చింది లివర్ పనితీరు పరీక్ష కోసం. అదే మందు గడ్డల్ని పట్టించింది.

కిడ్నీలో కథ తిరగబడుతుంది. మామూలు కిడ్నీ మెరుస్తుంది, గడ్డ చాలావరకు చీకటిగా ఉంటుంది.

లివర్‌కి ఈ లైటు ఎందుకు కావాలంటే, పొట్ట తెరిచి చేసే ఆపరేషన్లో సర్జన్ లివర్‌ని రెండు చేతుల మధ్య పట్టుకుని నలిపి చూస్తాడు. బఠాణీ గింజంత గట్టిదనం కూడా వేలికి తగులుతుంది. చిన్న రంధ్రాల్లోంచి చేసే ల్యాప్రోస్కోపీలో ఆ వేళ్లు ఉండవు. పొడుగు కర్ర చివర పట్టకారుతో తడుముతున్నట్టు ఉంటుంది. రోబోలో అదీ ఉండదు. పోగొట్టుకున్న స్పర్శకి బదులు ఇంకో కన్ను ఇవ్వాలనే ప్రయత్నం ఇది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి: ఉపరితలం నుంచి సుమారు సెంటీమీటరు లోపు ఉన్నవే కనపడతాయి. లోతుగా ఉన్నదాన్ని ఈ లైటు చూపించదు. దానికి ల్యాప్రోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కావాలి. మీ డాక్టరుగారిని లైటు గురించి కాదు, ఆ అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఉందా అని అడగండి. నా వరకూ ఆ ప్రశ్న పెద్దది.

రొయ్యల సంగతి. రొయ్యల అలర్జీ అందులోని ప్రొటీన్ వల్ల వచ్చేది, అయోడిన్ వల్ల కాదు. ఈ మందులో సోడియం అయొడైడ్ కొద్దిగా ఉండే మాట నిజం. కాబట్టి అయొడైడ్‌కి ఇదివరకు రియాక్షన్ వచ్చినవాళ్ల విషయంలో జాగ్రత్త పడతారు. సీటీ స్కాన్ కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి నాన్నగారికి ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా? వచ్చినా రాకపోయినా, రొయ్యల సంగతితో సహా అంతా మత్తు డాక్టరుకి చెప్పండి. నా పోస్టు చూసి మీరే తేల్చుకోవద్దు.


పల్నాడు_పిల్లోడు
మంగళవారం, సాయంత్రం 6:02

బాగా చెప్పారు డాక్టర్ గారూ, ఒప్పుకుంటున్నా. కానీ నా అనుమానం ఇంకోటి. లైటేసి ఎక్కువ గడ్డలు చూశారు, తీశారు. మనిషి ఎక్కువ కాలం బతికాడా? ఆ లెక్క ఎవరన్నా తీశారా, లేక వెలుగు చూసి మనం మురిసిపోటమేనా?


కత్తెర_పీజీ
మంగళవారం, రాత్రి 11:55

పల్నాడు అన్నా, మీరు మా థీసిస్ పరీక్షకి వచ్చి కూర్చోవాలి. ఇంకా పీజీనే, డాక్టర్ గారూ అనకండి.

ఎక్కువ దొరకడం వేరు, ఎక్కువ బతకడం వేరు. మెదడు గడ్డల విషయంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. చిన్న రంధ్రాల ఆపరేషన్ కాదు గానీ సూత్రం దగ్గరిదే. 5-ఏఎల్‌ఏ అనే మందు తాగిస్తారు. గ్లయోమా (ఒక రకం మెదడు గడ్డ) కణాలు దాన్ని ఇంకో పదార్థంగా మార్చుకుని, నీలం లైటు వేస్తే గులాబీ ఎరుపుగా వెలుగుతాయి. ఇది కంటికి నేరుగా కనపడే వెలుగే, మాస్టారు చెప్పిన పరారుణం కాదు. 2006లో జర్మనీ నుంచి వచ్చిన ట్రయల్‌లో, మందు ఇచ్చినవాళ్లలో 65 శాతం మందికి స్కాన్‌లో కనపడే గడ్డ పూర్తిగా తీయగలిగారు. మామూలు తెల్ల లైటుతో చేసినవాళ్లలో 36 శాతమే. ఆరు నెలలకి జబ్బు ముదరకుండా ఉన్నవాళ్లు 41 శాతం, 21 శాతం. ఇంతవరకూ బ్రహ్మాండం. కానీ మొత్తం బతికిన కాలంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

అండాశయ కాన్సర్‌కి పాఫోలాసయనిన్ అని ఇంకో మందు, 2021 నవంబర్లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఐసీజీలా ఇరుక్కున్న చోట మిగిలేది కాదు, కాన్సర్ కణం మీద ఉండే ఫోలేట్ గ్రాహకాన్ని వెతుక్కుని అంటుకుంటుంది. ట్రయల్‌లో 26.9 శాతం మందికి సర్జన్ కళ్లకీ చేతికీ దొరకని గడ్డ కనీసం ఒకటి దొరికింది. అదే ట్రయల్‌లో ఐదుగురిలో ఒకరికి కాన్సర్ కానిది కూడా వెలిగింది. అన్నా, ఈ రెండో మాట బ్రోషర్ల మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

లివర్‌లోనూ అంతే. సిర్రోసిస్ ఉన్న, అంటే దెబ్బతిని గట్టిపడిన లివర్‌లో మామూలు గడ్డలూ, ముడులూ వెలుగుతాయి. వెలుగు చూసి కోసుకుంటూ పోతే లివర్ మిగలదు. వెలిగినదల్లా కాన్సర్ కాదు, వెలగనిదల్లా మంచిది కాదు. ముక్క పాథాలజీ పరీక్షకి పోవాల్సిందే.


లక్ష్మీపురం_అత్తయ్య
బుధవారం, ఉదయం 9:10

శ్రావణీ, తల్లీ, నేను ఈ లైటు కింద పడుకుని లేచినదాన్ని. మూడేళ్లయింది.

నాది గర్భసంచి కాన్సర్. ముట్లు ఆగిన పదేళ్లకి మళ్లీ రక్తం కనపడితే, వయసు కదా అని రెండు నెలలు ఊరుకున్నా. అది నా బుద్ధి తక్కువ. ఇది చదివే ఆడపిల్లలు మీ అమ్మలకి చెప్పండి, ఆగిపోయాక ఒక్క చుక్క కనపడినా డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఆపరేషన్ హైదరాబాద్‌లో అబ్బాయి దగ్గర ఉండి చేయించుకున్నా, రోబోతో. డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి ముఖద్వారం దగ్గర ఆ ఆకుపచ్చ మందు పొడుస్తారంట. మందు లింఫు నాళాల వెంట పాక్కుంటూ పోయి మొదట ఏ గ్రంథిలో చేరుతుందో, కాన్సర్ పాకినా మొదట అక్కడికే పోతుందంట. ఆ కాపలావాడిని తీసి పరీక్ష చేస్తే సరి, మొత్తం గ్రంథులన్నీ పీకక్కర్లేదు. నాకు రెండు వైపులా రెండే తీశారు. రెండూ శుభ్రంగా వచ్చాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా ఆడపడుచుకి పదిహేనేళ్ల కింద ఇదే జబ్బుకి పొట్ట తెరిచి గ్రంథులన్నీ తీశారు. జబ్బు పోయింది. కాళ్లు వాచిపోయాయి. ఇప్పటికీ చీర కుచ్చిళ్లు సరిచేసుకోవడానికి వంగలేదు. నేను రోజూ అరండల్‌పేట దాకా నడిచి కూరలు తెచ్చుకుంటున్నా. బతికిన రోజుల లెక్కే కాదు పల్నాడు బాబూ, ఎట్లా బతికామన్న లెక్క కూడా ఉంటుంది.


పల్నాడు_పిల్లోడు
బుధవారం, ఉదయం 9:31

అత్తయ్యా, తలొంచా.


కత్తెర_పీజీ
బుధవారం, మధ్యాహ్నం 1:40

అత్తయ్యగారు చెప్పినదానికి గట్టి ఆధారం ఉంది. 2017లో వచ్చిన ఫైర్స్ అనే అధ్యయనం. రోబోతో, ఇదే మందుతో. గ్రంథుల్లోకి నిజంగా పాకిన కేసుల్లో, కాపలా గ్రంథి దొరికిన చోట, 97.2 శాతం సార్లు ఆ గ్రంథే సంగతి బయటపెట్టింది. శుభ్రంగా ఉందని చెప్తే 99.6 శాతం నిజమే అయింది. అయితే 86 శాతం మందిలోనే కనీసం ఒక గ్రంథి దొరికింది. దొరకనివాళ్లకి ఆ వైపు పాత పద్ధతే. నన్నడిగితే ఈ మొత్తం వెలుగుల కథలో బాగా స్థిరపడిన వాడకం ఇదే, గడ్డని చూపించడం కంటే.


చుట్ట_మానేశా
బుధవారం, రాత్రి 8:45

నాది వేరే లైటు. అందుకే రాస్తున్నా.

పొగాకు పండించే ఊరు మాది, చుట్ట పన్నెండో ఏట అలవాటు. 58వ ఏట మూత్రంలో రక్తం. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని నవ్వుకున్నా. మూత్రాశయంలో గడ్డ. పొగాకు ఊపిరితిత్తులకే అనుకునేవాణ్ణి. ఆ విషమంతా కిడ్నీలు వడకట్టి మూత్రంలోకే దింపుతాయంట. అక్కడే నిలవుంటుంది గంటలకి గంటలు.

మూడు నెలలకోసారి దుర్బిణీ వేసి చూస్తారు. మా డాక్టరు మామూలు తెల్ల లైటుతో ఒకసారి చూసి, బటన్ నొక్కి ఇంకోసారి చూస్తాడు. తెర అంతా నీలం పచ్చ కలిసిన రంగు అవుద్ది. ఇంజెక్షన్ గిట్ల ఏం లేదు. రెండోసారి చూపులో రక్తనాళాలు గోధుమరంగు గీతల్లాగా తేలతాయి. ఒక చెక్‌లో తెల్ల లైటుకి ఎర్రమచ్చ కూడా కనపడని చోట, ఆ లైటుకి నాళాల గుంపు తేలింది. తీసి పంపితే కాన్సరే. ఇదేందో మాస్టారు చెప్పాలి.


రిటైర్డ్_ఫిజిక్స్
గురువారం, ఉదయం 5:50

చుట్ట మానేసినందుకు ముందు అభినందనలు.

మీది నారో బ్యాండ్ ఇమేజింగ్. మందు అక్కర్లేదు, ఎందుకంటే మీ రక్తమే అక్కడ మందు. మొన్న హిమోగ్లోబిన్ నీలాన్ని, పచ్చని మింగుతుందన్నాను కదా. తెల్ల కాంతిలోంచి మిగతావి తీసేసి 415, 540 నానోమీటర్ల దగ్గరి రెండు సన్నని పట్టీలే వేస్తే, రక్తం ఉన్న చోట కాంతి మాయమై నాళాలు ముదురు గీతలుగా తేలతాయి. 415 పైపైనే ఆగుతుంది, 540 కొంచెం లోపలికి పోతుంది. గడ్డ పెరగాలంటే రక్తం కావాలి, కొత్త నాళాలు అల్లుకుంటుంది. వెతికేది ఆ అల్లికని. చెరువులో చేప కనపడకపోతే బుడగలు చూసి వల వేసినట్టు.


కత్తెర_పీజీ
గురువారం, రాత్రి 10:12

దానికి చేర్పు: బ్లాడర్‌కే ఇంకో పద్ధతి ఉంది. మందును గొట్టం ద్వారా మూత్రాశయంలోకి ఎక్కించి ఓ గంట ఉంచుతారు, తర్వాత నీలం లైటు వేస్తే గడ్డ గులాబీగా వెలుగుతుంది. మెదడు మందుకి చుట్టమే. అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. వాపు ఉన్నా, బ్లాడర్ కాన్సర్‌కి ఇచ్చే బీసీజీ మందు కొత్తగా ఎక్కించినా అది కూడా వెలుగుతుంది. మళ్లీ పాత పాటే.


మోడరేటర్
శుక్రవారం, ఉదయం 10:00

ఒక పోస్టు తీసేశాం. ఫలానా ఆస్పత్రిలో దోచుకుంటున్నారని పేరుపెట్టి రాశారు. అనుభవం రాయండి, పేర్లు వద్దు. ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ ఇమేజింగ్ వస్తుందా అని ముగ్గురు మెసేజ్ పెట్టారు. ప్యాకేజీలు కేసుని బట్టి మారతాయి, చేరే ముందే మీ ఆస్పత్రిలో ఉన్న పథకం కౌంటరు దగ్గర కాగితం మీద రాయించుకోండి. నోటిమాట మీద వెళ్లకండి.


శ్రావణి_గుణదల
శుక్రవారం, రాత్రి 9:20

డాక్టరుగారిని అడిగాను. లోపల పెట్టే అల్ట్రాసౌండ్ ఉందట, "ఈ ప్రశ్న ఎవరు నేర్పారమ్మా" అని నవ్వారు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి నాన్నకి ఎప్పుడూ ఏమీ కాలేదు. రొయ్యల సంగతి కేస్ షీట్లో రాయించాను. ఇంకో మాట కూడా చెప్పారు: కీమో వల్ల లివర్ కొంచెం నీరసపడి ఉంటే మందు పూర్తిగా పోవడానికి ఎక్కువ టైం పడుతుంది, అందుకని ఒకరోజు కాదు, రెండు రోజుల ముందే ఇస్తామన్నారు. వచ్చే గురువారం ఆపరేషన్.

నాన్నకి ఒక్కటే బెంగ, మూత్రం ఆకుపచ్చగా వస్తుందా అని.


ఓటీ_లైటు
శుక్రవారం, రాత్రి 9:44

రాదక్కా. ఇది మూత్రంలోకి పోదు, పసరుతో పేగులోకి పోయి విరేచనంతో పోతుంది. మూత్రం పచ్చగా, నీలంగా తెప్పించేది వేరే మందు, మిథిలీన్ బ్లూ. నాన్నగారిని ధైర్యంగా ఉండమనండి. గురువారం ఉదయం దుర్గమ్మకి నా తరఫున కూడా ఒక దణ్ణం.


(మూడు వారాల తర్వాత)


శ్రావణి_గుణదల
ఆదివారం, సాయంత్రం 4:30

ఆలస్యానికి క్షమించండి. నాన్న ఇంట్లో ఉన్నారు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కథ చెప్తాను.

ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. మాకు మూడు అని చెప్పారు. మూడు దాటాక అమ్మ కుర్చీలోంచి లేవలేదు, నీళ్లు కూడా తాగలేదు. నేనూ తమ్ముడూ థియేటర్ తలుపు మీద ఎర్రబల్బు చూస్తూ ఉన్నాం. ఆ లైటు గురించి మాత్రం ఎవరం ఏ ప్రశ్నా అడగలేదు.

నాలుగో రోజు డాక్టరుగారు పిలిచి వీడియో చూపించారు. మొదటి గడ్డ మీరు చెప్పినట్టే ఉంగరం. గ్రహణం రోజు చుట్టూ అంచు మిగిలిన సూర్యుడిలా ఉంది. లివర్ అంతా నల్లగా, ఆ ఒక్క వలయం పచ్చగా. తమ్ముడు "బాగుంది" అన్నాడు, తర్వాత ఏం మాట్లాడానా అని నా వైపు చూశాడు.

రెండో గడ్డ కనపడలేదు. లైటు వేసి ఎంతసేపు తిప్పినా చీకటే. అది వెనక భాగంలో, లోతుగా ఉందట. అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడితే దొరికింది. కత్తెర_పీజీ గారూ, మీరు ఆ రోజు ఆ ప్రశ్న చెప్పకపోయినా వాళ్ల దగ్గర అది ఉండేదే, కానీ ఆ వీడియోలో ఆ చీకటి చూస్తున్నప్పుడు మీరే గుర్తొచ్చారు.

ఆ పైన అనుకోనిది. ఎడమవైపు, ఎమ్మారైలో ఏమీ లేని చోట, ఆవగింజంత చుక్క ఒకటి మెరిసింది. అందుకే ఆలస్యమైందట. దాన్ని చిన్న ముక్కగా తీసి ఫ్రోజెన్‌కి (అప్పటికప్పుడు చేసే ముక్క పరీక్షకి) పంపి, రిపోర్టు వచ్చేదాకా ఆగారు. కాన్సర్ కాదు. పుట్టుకతో వచ్చే చిన్న పసరునాళాల ముడి, హమర్టోమా అన్నారు, చాలామందికి ఉంటుందట. అంటే వెతికినదాంట్లో ఒకదాన్ని లైటు చూపించింది, ఒకదాన్ని చూపించలేదు, లేనిదాన్ని ఒకదాన్ని చూపించి మా అమ్మ చేత ఇంకో గంట ఉపవాసం చేయించింది.

దండగేనా సార్ అని అడిగేశాను. ఆయనకి కోపం రాలేదు. మొదటి గడ్డ తీసిన ముక్కని తిప్పి మళ్లీ లైటు కింద పెట్టిన భాగం చూపించారు. కోసిన వైపు వెలుగు ఎక్కడా బయటపడలేదు, ఉంగరం ముక్క లోపలే పూర్తిగా ఉండిపోయింది. "ఉంగరం తెగి ఉంటే నేను గడ్డకి మరీ దగ్గరగా కోశానని అర్థం. అప్పటికప్పుడు ఇంకొంచెం తీసేవాణ్ణి. వారం తర్వాత రిపోర్టులో తెలిస్తే ఏం లాభం?" అన్నారు. పూర్తి బయాప్సీ మొన్న వచ్చింది. రెండు గడ్డల అంచులూ శుభ్రం.

బిల్లు: ఐసీజీ లైను మొత్తంలో చిన్నదే. కుట్లేసే స్టేప్లర్లదీ, రూము అద్దెదీ అసలు బరువు. దాని మీద ఎవరం ఒక్క ప్రశ్నా వేయలేదు చూడండి, తెలిసిన పేర్లు కదా.


పల్నాడు_పిల్లోడు
ఆదివారం, సాయంత్రం 5:15

మంచి కబురు అక్కా. నాన్నగారు జాగ్రత్త. బాబాయ్ బిల్లు తీసి మళ్లీ చూశా. మీరన్నట్టే, లైటు కంటే మందుల షాపు లైను మూడింతలుంది. దాని మీద ఇంకో చర్చ పెడతా.


లక్ష్మీపురం_అత్తయ్య
ఆదివారం, రాత్రి 7:02

సంతోషం తల్లీ. అమ్మకి చెప్పు, ఇప్పుడు కడుపునిండా తినమని. నాన్నకి కారం తగ్గించు కొన్నాళ్లు, గుంటూరోళ్లం కదా, వినరు.


రిటైర్డ్_ఫిజిక్స్
సోమవారం, ఉదయం 6:05

చాలా సంతోషం అమ్మా. ఒక కోరిక. ఆ ఉంగరం కనపడే పది సెకన్ల వీడియో, నాన్నగారు ఒప్పుకుంటేనే, మా వీధి పిల్లలకి ఆదివారం క్లాసులో చూపించాలని ఉంది. రిమోట్ తర్వాత చూపించడానికి ఇంతకంటే మంచిది దొరకదు.


శ్రావణి_గుణదల
సోమవారం, ఉదయం 8:20

అడిగాను మాస్టారూ. "మొహం కనపడదుగా, లివర్‌కి ఆధార్ కార్డు లేదుగా, ఇచ్చెయ్" అన్నారు. సాయంత్రం పంపిస్తాను.